స్వెటర్‌కి లేని బొత్తాం

పోయిన వారం మీరు నన్ను వదిలి వెళ్లేసరికి నేను టీవీ ముందు కూర్చుని ఉన్నాను. చేతిలో సూది, ఒళ్లో ఎవరిదో పొట్ట దగ్గర వదులు చెయ్యాల్సిన కోటు. తెరమీద ఆ కొరియా పిల్ల, రొట్టెల దుకాణంలో పనిచేసే అమ్మాయి, ప్రేమించినవాడికి తను రాసిన ఉత్తరం చదివి వినిపిస్తోంది. "నీ రెండో బొత్తాం ఊడేలా ఉంది. ఇంకెవరిచేతా కుట్టించుకోకు. నేనొచ్చేదాకా ఆ దారం ఆగుతుంది, నేనూ ఆగుతాను." ఎదురుగా నిలబడి కళ్లు తడిచేసుకుంటున్న కుర్రాడు తొడుక్కున్నది గుండ్రటి మెడ స్వెటర్. దానికి మందుకైనా ఒక్క బొత్తాం లేదు.

ఇప్పుడే వచ్చి కూర్చున్నవాళ్లకి నాలుగు ముక్కల్లో చెప్తాను. నేను దర్జీని. కొత్తవి కుట్టడం తక్కువ, ఉన్న బట్టని మనిషికి సరిపెట్టడం ఎక్కువ. మావారు డబ్బింగ్ చెప్తారు. ఈ సీరియల్లో ఆ స్వెటర్ కుర్రాడి గొంతు ఆయనదే. రెండేళ్లనించి మాటలు రాసేదీ ఆయనే. రొట్టెల పిల్ల గొంతు మా అక్కది. పెళ్లి చేసుకోకుండా ఉండిపోయిన అక్క, మా పై వాటాలో ఉంటుంది. ఆవిడకి నలభై ఏడు, గొంతుకి మాత్రం ఇరవై దాటలేదు. ఇక ఆ బొత్తాం మాట ఎవరిదంటారా, నాది. మా సంబంధం ఖాయమయ్యాక పెళ్లికి ఎనిమిది నెలలు గడువుంటే, వేరే ఊళ్లో ఉన్న ఆయనకి నేను పదకొండు ఉత్తరాలు రాశాను. ఇది అందులో ఏడోది. 'మీ నీలం చొక్కా రెండో బొత్తాం' అని రాశాను. పెదవి కదలికకి పొడుగైందని నీలం చొక్కా కత్తిరించేసి, మిగతాదంతా పొల్లు పోకుండా వాడుకున్నారు.

ఆ పదకొండింటికీ ఆయన ఒక్క జవాబూ రాయలేదు. పెళ్లయ్యాక అడిగితే, "నాకు రాయడం రాదే. నోటితో బతికేవాణ్ణి" అన్నారు. నేను నమ్మాను. నమ్మడమే కాదు, పద్దెనిమిదేళ్లు ఆ నమ్మకం మీదే కాపురం చేశాను. పలకరింపు లేకపోయినా, పక్కన కూర్చున్నా మాట లేకపోయినా, పాపం, మాటలు రాని మనిషి అని సరిపెట్టుకున్నాను. సరిపెట్టడం నా వృత్తి కదా. ఇప్పుడు నా గుండెల్లో దడ ఆ ఉత్తరాల కోసం కాదు. ఆ 'పాపం' అనే మాట నా చేతిలోంచి జారిపోతుందేమోనని.

ఈ సీరియళ్ల పిచ్చి నాకెలా పట్టిందో కూడా చెప్పాలి. కొరియా వాళ్లవీ, చైనా వాళ్లవీ, జపాన్ వాళ్లవీ, డబ్బింగయి వచ్చినవన్నీ చూశాను. చూడటంతో ఆగక ఫోన్లో ఒక గుంపులో నా అభిప్రాయాలు రాస్తుంటాను. నాలుగు వందల మంది ఆడవాళ్లు చదువుతారు. నన్నక్కడ కత్తెరమ్మ అంటారు, ఎంత మంచి సీరియల్ అయినా ఏదో ఒకటి కత్తిరించకుండా వదలనని. పేదపిల్ల అంటారు, పదహారు భాగాల్లో ఇరవై మూడు కోట్లు వేసింది. డబ్బు కాదు, తొడుక్కునేవి. హీరో వానలో గొడుగు తెస్తాడు, మొత్తం గొడుగు అమ్మాయి మీదకే వంచుతాడు, మర్నాడు జ్వరం మాత్రం అమ్మాయికే వస్తుంది. నాలుగో భాగంలో చెయ్యి తగులుతుంది, ఎనిమిదో భాగందాకా ఆ చెయ్యి గురించే ఆలోచిస్తారు. మంచివాడైన రెండో కుర్రాడు ఎప్పుడూ మిగిలిపోతాడు. ముత్యాల దండ వేసుకున్న తల్లి ఎప్పుడూ నీళ్ల గ్లాసు మొహాన కొడుతుంది. ఎవరూ ఎప్పుడూ బట్టలు ఉతకరు.

ఇంత వెటకారం చేసేదానివి ఎందుకు చూస్తావమ్మా అని గుంపులో ఒకావిడ అడిగింది. ఆవిడకి నిజమే రాశాను. ఆ అమ్మాయి మాట్లాడుతుంటే ఆ కుర్రాడు ఆమె వైపు చూస్తాడు. అంతే. ఫోను వైపు కాదు, కంచం వైపు కాదు, ఆమె వైపు. ఆ ఒక్క చూపు కోసం మిగతా దిక్కుమాలిన కథంతా భరిస్తాను. దానికి నాలుగు వందల మందిలో మూడు వందల మంది ఏడుపు బొమ్మలు పెట్టారు. ఎన్ని ఇళ్లలో కంచాలు అదృష్టం చేసుకున్నాయో నాకా రోజే తెలిసింది.

అలాంటి గుంపు బొత్తాం సంగతి వదులుతుందా? తెల్లారేసరికి అరవై సందేశాలు. 'కత్తెరమ్మా, స్వెటర్‌కి రెండో బొత్తాం ఏంటి? మొదటిది ఎక్కడుంది?' 'మాటలు రాసినాయన కళ్లు మూసుకుని రాశాడా?' మూసుకునే రాశారు తల్లీ. డబ్బింగ్ మాటలు రాసేవాళ్లు పెదవులే చూస్తారు. నోరు ఎప్పుడు తెరుచుకుంది, ఎప్పుడు మూసుకుంది, ఎన్ని అక్షరాలు పడతాయి. ఆ నోటి కింద మెడ ఉంటుందని, మెడ కింద బట్ట ఉంటుందని వాళ్లకి పట్టదు. ఆయన లాంటివాళ్లు మాత్రమే చేసే తప్పు, నా లాంటిది మాత్రమే పట్టుకునే తప్పు. నేను ఎవరికీ జవాబివ్వలేదు. చెప్పులేసుకుని బయల్దేరాను.

ఆదివారం, పన్నెండు దాటింది. స్టూడియో ఉన్న భవనంలో కింద అద్దాల దుకాణం మూసి ఉంది. గంట కొడితే పైనుంచి అక్కే దిగొచ్చి తలుపు తీసింది. అలవాటు ప్రకారం చెప్పులు చేతిలో పట్టుకుని ఉంది. చిన్నప్పుడొకసారి మెట్లమీద జారి ముందు పన్ను విరగ్గొట్టుకుంది. అప్పట్నించీ మెట్లు దిగాలంటే చెప్పులు చేతిలోకి రావాల్సిందే. ఇప్పుడది భయం కూడా కాదు, ఒట్టి అలవాటు.

"ఏమే చిన్నీ, ఆదివారం పూట ఇటొచ్చావు? ఒంట్లో బాగుందా?"

"బాగానే ఉంది. ఆయనతో పనుంది."

అక్క నా మొహం చూసింది. నేను కుట్టిచ్చిన పొడుగు చొక్కా వేసుకుని ఉంది, నాలుగుసార్లు ఉతికి మెత్తబరిచిన నూలుది. మైకు ముందు గంజిబట్ట గలగల్లాడుతుందని ఆవిడకి చప్పుడు చెయ్యని బట్టలు నేనే ఏరి కుడతాను.

స్టూడియో అంటే రెండు గదులు, మధ్యలో మందపాటి అద్దం. లోపలి గదిలో మైకు, ఒక ఎత్తు పీట, కాగితాలు పెట్టుకునే స్టాండు. గోడలకి ముడతలు ముడతలుగా నల్లటి స్పాంజి. రికార్డింగ్ జరిగేటప్పుడు పంకా కూడా కట్టేస్తారు, అందుకే ఆ గదిలోంచి వచ్చినవాళ్లెవరైనా చెమటతో వస్తారు. బయటి గదిలో మీటల బల్ల, దాని ముందు మీటలాయన. ఆయన అసలు పేరు నాకు తెలీదు, అందరూ అలాగే అంటారు. నన్ను చూసి, మా ఇద్దరి మొహాలూ చూసి, "టీ తాగొస్తా" అని లేచాడు. అక్క గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలి గదిలోకి వెళ్లి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. పెన్సిలుతో కాగితం మీద ఏదో గుర్తులు పెట్టుకుంటూ కూర్చుంది. మధ్యలో తలుపు మూస్తే అటు ఊపిరి ఇటు వినపడదు.

మావారు కుర్చీ నాకేసి తిప్పారు. "అన్నం తెచ్చావా?"

"లేదు. నా ఉత్తరాలు తీసుకుపోదామని వచ్చాను."

తేలు కుట్టిన దొంగలా కుర్చీలో సర్దుకున్నారు. నేను 'ఏ ఉత్తరాలు' అంటారనుకున్నాను. అనలేదు.

"చూశావా ఆ భాగం?" అన్నారు.

"నేను చూడనిదెప్పుడు? మా గుంపువాళ్లంతా చూశారు. స్వెటర్‌కి బొత్తాం ఏంటని అడుగుతున్నారు."

ఆయన నుదురు కొట్టుకున్నారు. నిజంగానే బాధపడ్డారు, నా ఉత్తరం వాడినందుకు కాదు, స్వెటర్ చూసుకోనందుకు. "ఛ! పెదవి అంత బాగా కుదిరింది. నీ మాట అచ్చం ఆ పిల్ల నోటికే పుట్టినట్టుంది. బట్ట సంగతి తట్టలేదు."

"ఎన్ని వాడారు?"

"ఏంటి?"

"పదకొండు రాశాను. ఎన్ని వాడారు?"

బల్లమీద మీటలకేసి చూస్తూ చెప్పారు. "పది."

ఏడో ఉత్తరం ఒక్కటే అనుకుని వచ్చాను. ముందు భాగాల్లో ఆ పిల్ల మాట్లాడినప్పుడల్లా నాకు బాగా తెలిసినట్టుండేది, మంచి రచన అంటే అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాను. నా మాటలు నాకే నచ్చి, నా మాటలకి నేనే ఏడ్చి, ఎవరో మహానుభావుడు ఆడదాని మనసు ఎంత బాగా ఎరుగునో అని గుంపులో మెచ్చుకున్నాను. అత్త సొమ్ము అల్లుడు దానం చేస్తే అత్తే చప్పట్లు కొట్టిందన్నమాట.

"అడగొచ్చు కదండీ నన్ను? ఒక్క మాట?"

"అడిగితే ఇస్తావా?"

"ఇవ్వను."

"మరి!" అన్నారు, తప్పు నాదైనట్టు. తర్వాత గొంతు తగ్గించారు. ఆ గొంతు నాకు తెలుసు, పన్నెండో భాగంలో కుర్రాడు ఆ అమ్మాయి చలికి వణుకుతుంటే మాట్లాడిన గొంతు. ఇంట్లో ఎప్పుడూ వినలేదు. "కొరియానించి వచ్చే రాతలో ఏముంటుందే? 'నిన్ను ఇష్టపడుతున్నాను', 'తిన్నావా', 'జాగ్రత్త'. దాన్ని మన నోట్లో పెడితే చప్పగా చచ్చింది. రెండు సీరియళ్లు ఎవరూ చూడలేదు. మూడోది పోతే నన్ను తీసేసేవాళ్లు. అప్పుడు పెట్టెలో నీ ఉత్తరాలు కనిపించాయి. చదివితే… నాకే ఆశ్చర్యమేసింది. ఇంత బాగా రాశావా అని."

"అప్పుడు చదవలేదా?"

"చదివాను. అప్పుడు అలా అనిపించలేదు."

ఈ మనిషి అబద్ధం చెప్పినా బాగుండేదనిపించింది. పంతొమ్మిది మంది చీరలకి అంచులు కుట్టి, ఆ డబ్బుతో మంచి కాగితం కొని రాసిన ఉత్తరాలవి. అప్పుడు ఆయనకి అనిపించలేదు. పెదవికి కుదిరాక అనిపించింది.

అంతటితో ఆగినా బాగుండేది. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మణికట్టు దగ్గర, అచ్చం సీరియళ్లలో హీరోలు పట్టుకున్నట్టే. "చిన్న సాయం చెయ్యవూ. మంగళవారం చివరి భాగం రికార్డింగ్. ఆ పిల్ల ఆఖరి ఉత్తరం ఉంది. నీ పదకొండోదాంట్లో అంతా పెళ్లిబట్టల కొలతలే ఉన్నాయి, పనికిరాదు. ఇంకొకటి రాసిపెట్టు. నిమిషం పది సెకన్లు. నువ్వు రాస్తే రోజులో అయిపోతుంది."

నవ్వొచ్చింది నాకు. నిండా మునిగినవాడికి చలేమిటంటారు కదా, మునిగింది నేను, చలి లేనిది ఆయనకి.

"రాస్తాను," అన్నాను.

ఆయన మొహం విప్పారింది. పద్దెనిమిదేళ్లలో నా వైపు అలా చూడటం ఇదే మొదలు.

"రాస్తానండీ. కానీ ఉత్తరం రాయాలంటే ముందు అవతలివాడి జవాబు తెలియాలి కదా. ఆ అమ్మాయివి నావి. మరి ఆ కుర్రాడు చదివే జవాబులు ఎవరివి?"

చెయ్యి వదిలేశారు.

చూశారా, నేను ఆ ప్రశ్న అడగాలని ఇంటినించి బయల్దేరలేదు. నోట్లోంచి వచ్చాక అదెంత పెద్ద ప్రశ్నో నాకే తెలిసింది. ఆ జవాబులంటే నాకు ప్రాణం. రెండు నాకు కంఠతా వచ్చు. కత్తిరింపు కాగితాల వెనక రాసుకుని కుట్టు మిషను పైన అంటించుకున్నాను. 'నీ వీధిలోంచే పనికి పోతున్నాను. రెండు మలుపులు ఎక్కువ. అయినా నాకదే దగ్గరి దారి.' ఇది అనువాదం కాదు. ఊహించి రాసింది కూడా కాదు. ఒక మనిషి నిజంగా రెండు మలుపులు ఎక్కువ తిరిగి ఉంటేనే రాయగలడు.

"అవి… సందర్భాన్ని బట్టి…" అన్నారు.

"రాయడం రాదన్నారు."

"వృత్తిలో పడ్డాక వచ్చిందిలే."

"రెండు సీరియళ్లు ఎందుకు పోయాయి మరి?"

గోడకి చెప్పినా ఇంతకంటే నయం, గోడ చూపు తప్పించదు. ఆయన చేతికి దొరికిన కాగితాలు సర్దుతున్నారు. అప్పుడు రెండో జవాబు గుర్తొచ్చింది. తొమ్మిదో భాగంలోది, నేను ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రచేసుకున్నది. 'నువ్వు చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతావు. చప్పుడు రాదు. చప్పుడు రాకపోతే నువ్వేనని నాకు తెలుసు.'

ఆ దృశ్యంలో రొట్టెల పిల్ల మోకాళ్లదాకా బూట్లు వేసుకుని ఉంది. లేసులు కట్టే తోలు బూట్లు. నాకు అప్పుడే కనిపించింది. చెప్పులేంటి, బూట్లు కదా అనుకుని కూడా, ఏడుపులో ఉండి వదిలేశాను. కత్తెరమ్మ వదిలేసిన ఒకే ఒక్క తప్పు. అది స్వెటర్ తప్పుకి కవల. ఆయన పెదవులు చూసి రాశారు, కాళ్లు చూసుకోలేదు. బొత్తాం ఆ కుర్రాడిది కానట్టే చెప్పులు ఆ పిల్లవి కావు.

లోపలి గది గుమ్మంలో అక్క చెప్పులు ఉన్నాయి. పక్కపక్కన, మడమలు గోడవైపు.

మెట్లమీద చప్పుడు రాకుండా దిగే మనిషిని నేను నా జన్మలో ఒక్కరినే చూశాను. ఈ సంబంధం తెచ్చింది కూడా, అప్పట్లో ఆయన ఊళ్లోనే ఉంటున్న ఆవిడే. 'నాతో పనిచేస్తాడే, మంచివాడు, నిన్ను బాగా చూసుకుంటాడు' అని నాన్నని ఒప్పించింది ఆవిడే. పెళ్లిలో నా కంటే ఎక్కువ ఏడ్చింది కూడా. అక్క ప్రేమ అనుకున్నాం అందరం.

బల్ల అంచు పట్టుకున్నాను. "ఆ కుర్రాడి ఉత్తరాలు మీరు రాసినప్పుడు పోస్టు చేశారా?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"ఇప్పుడవన్నీ ఎందుకే…"

"చేస్తే అవి అవతలి మనిషి దగ్గరుండాలి. సీరియల్లో పెట్టడానికి మళ్లీ మీ చేతికెలా వచ్చాయి?"

"తిరిగొచ్చేశాయి." అంతే అన్నారు. తర్వాత, అడగకుండానే, "మన పెళ్లికి ముందు రోజు," అన్నారు.

"ఎవరు తెచ్చిచ్చారు?"

ఆయన కళ్లు అద్దం వైపు వెళ్లాయి. నేనూ అటు చూశాను. అక్క పెన్సిలు కింద పెట్టేసి ఉంది. తిన్నగా మమ్మల్నే చూస్తోంది. హెడ్‌ఫోన్లు రెండు చేతులతో చెవులకి అదిమి పట్టుకుని ఉంది, సన్నటి మాట వినాలనుకునేవాళ్లు పట్టుకున్నట్టు. బల్లమీద నా చేతి పక్కనే చిన్న ఎర్ర దీపం వెలుగుతోంది. ఇక్కడి మాట లోపలికి వినిపించడానికి మీటలాయన నొక్కే మీట అది. టీకి పోతూ ఎత్తడం మరిచిపోయాడు. మొదటినించీ అంతా విన్నది.

అక్క మైకు దగ్గరికి జరిగింది. ఆవిడ గొంతు గది నాలుగు మూలల్లోని స్పీకర్లలోంచి వచ్చింది, ఇరవయ్యేళ్ల గొంతు, రొట్టెల పిల్ల గొంతు.

"బొత్తాం మాట నీదని నాకు తెలీదు చిన్నీ. ఒట్టు. తెలిస్తే పలికేదాన్ని కాదు."

నేనూ వంగి ఆ మీట దగ్గర అడిగాను. "జవాబులు?"

"తెలుసు."

"ఎన్నాళ్లుగా ఎదురుగా నిలబడి వింటున్నావు?"

"మొదటి రోజునించి."

మావారు లేచారు. "వదినగారూ, మీరు ఊరుకోండి, నేను చెప్తా…"

"నువ్వు కూర్చో," అంది అక్క.

పద్దెనిమిదేళ్లలో మరిదిగారూ, మీరు అని తప్ప ఆయన్ని ఇంకో మాటతో పిలవని అక్క. ఆయన కూర్చున్నారు. చెప్పిన వెంటనే, అలవాటున్నవాడిలా కూర్చున్నారు.

"తిరిగిచ్చింది నేనే," అంది అక్క, నాతో. "నీ జీవితం బాగుండాలని అన్నీ కట్టకట్టి ఇచ్చేశాను. తర్వాత వచ్చినదాన్ని మాత్రం ఇవ్వలేదు."

"తర్వాతంటే?"

స్పీకర్లలో ఆవిడ ఊపిరి వినిపించింది. నేను కుట్టిన చొక్కా మాత్రం చప్పుడు చెయ్యలేదు.

"మీ పెళ్లయిన ఏడో నెలలో రాశాడు. నీ చీరల మధ్యే దాచాను చిన్నీ, నువ్వు వెతకవని."